ఉద్యోగికి రేపటి దిగులు

శరీరమునకు వచ్చిన వ్యాధికి వైద్యుడు మందు ఇచ్చును. కాని "నేను పనికిరానివాడనైనచో నా ఇంటివారి గతి యేమి?" అను దిగులును రోగి ఎవరికిని చెప్పుకొనడు. నెలజీతముపై ఆధారపడిన ప్రభుత్వోద్యోగులలో ఈ దిగులు అనేకులకు కలుగును. జబ్బు సంగతి బయటపడినచో ఉద్యోగము పోవునను భయముచే కొందరు దానిని దాచుదురు. దాచిన జబ్బు ముదురును. ముదిరిన జబ్బు దిగులును రెట్టింపు చేయును.

గుజరాతు రాష్ట్రమున తపతీనదీ తీరమునందున్న సూరత్ నగరమున తెలుగువారు పెక్కుమంది కలరు. తెలంగాణ జిల్లాలనుండి నేతపనికై వలసవచ్చిన పద్మశాలీ కుటుంబములు లింబాయత్ మొదలగు ప్రాంతములలో స్థిరపడినవి. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచు వచ్చినది. 1994లో ఈ నగరమున ప్లేగు వ్యాపించినపుడు దేశమంతయు కలతచెందినది. 1995లో కమిషనరుగా వచ్చిన తెలుగువారు శ్రీ సూర్యదేవర రామచంద్రరావుగారి నాయకత్వమున నగరము పరిశుభ్రతకు పేరుపొందినది. ఆ కీర్తి వెనుక చీపురు పట్టిన, మురుగుకాల్వలు బాగుచేసిన వేలాది ఉద్యోగుల శ్రమ కలదు. ఊరి ఆరోగ్యమును కాపాడిన ఉద్యోగి తానే అశక్తుడైనపుడు అతనిని ఎవరు కాపాడుదురు?

చట్టము చెప్పునదేమి?

ఈ ప్రశ్నకు 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము సమాధానమిచ్చుచున్నది. ఇది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. దీని 20వ సెక్షను ప్రకారము, ఉద్యోగములో ఉండగా వైకల్యము పొందిన వానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదు, హోదాను తగ్గింపరాదు. చేయుచున్న పనికి అతడు తగకున్నచో, అదే వేతనశ్రేణిగల మరియొక పనికి మార్చవలెను. అట్టి పని లేనిచో, తగిన స్థానము దొరకువరకు గాని, పదవీ విరమణ వయస్సు వచ్చువరకు గాని, ఏది ముందైన అంతవరకు, అతనికొరకు ఒక అదనపు స్థానమును కల్పించి ఉంచవలెను. నగరపాలక సంస్థల వంటి స్థానిక సంస్థలకును ఇది వర్తించును. పోలీసు, సాయుధ దళముల వంటి కొన్ని కొలువులకు మాత్రము ప్రభుత్వము మినహాయింపు ఇచ్చినది.

ఉదాహరణకు, చూపు మందగించి నల్లబల్లపై వ్రాయలేని ఉపాధ్యాయుని తీసుకొనుడు. అతనికి మిగిలినది ఇంటిదారి కాదు. చేయగల వేరొక పనిని అదే వేతనశ్రేణిలో కోరుటకు అతనికి హక్కు కలదు.

అయితే ఒక సంగతి గమనింపవలెను. ఈ చట్టపు జాబితాలో 21 విధముల వైకల్యములు కలవు. చూపు, వినికిడి, చలనశక్తి లోపములే గాక, మానసిక వ్యాధి, పార్కిన్సన్ వ్యాధి మొదలగునవియు అందున్నవి. గుండెజబ్బు, మధుమేహము ఆ జాబితాలో లేవు. అట్టివారికి అశక్తతా పింఛను నియమములే ఆధారము.

తొందరపడిన ఉత్తరము

పంజాబు రాష్ట్ర విద్యుత్ బోర్డులో సహాయ లైన్‌మన్‌గా ఉన్న ఒకాయనకు ఉద్యోగకాలములోనే చూపు పూర్తిగా పోయినది. తన హక్కు తెలియక, తనకు విరమణ ఇచ్చి భార్యకు ఉద్యోగమిమ్మని ఆయన లేఖ వ్రాసికొనెను. బోర్డు ఆయనకు విరమణ ఇచ్చినది. ఆనాడు అమలులో ఉన్న 1995వ సంవత్సరపు చట్టమును అనుసరించి, 2008లో సుప్రీంకోర్టు ఆ చర్య చెల్లదని తీర్పు చెప్పినది. హక్కు నెరుగక నిస్సహాయతతో వ్రాసిన ఉత్తరమును అతనిపై ప్రయోగింపరాదని దాని సారాంశము. 2025లో తెలంగాణ రోడ్డు రవాణా సంస్థకు సంబంధించిన కేసునందును, వర్ణాంధత్వము వలన ఉద్యోగము కోల్పోయిన డ్రైవరుకు తగిన మరియొక పని ఇమ్మని ఆ న్యాయస్థానమే ఆదేశించినది.

న్యాయము లభించినది, కాని ఎన్నో సంవత్సరములు గడచినవి. కావున దిగులుతో ఉన్న దినమున రాజీనామాపై సంతకము చేయరాదు. కేంద్ర ప్రభుత్వ పింఛను నియమముల ప్రకారము సాధారణముగా రాజీనామా చేసినవాని గత సర్వీసు రద్దగును. వైద్య కారణముపై విరమించినవానికి అట్లు కాదు.

విరమణ తప్పనిచో

కేంద్రోద్యోగులకు 2021వ సంవత్సరపు పింఛను నియమములలో అశక్తతా పింఛను కలదు. పూర్వము దీనికి పది సంవత్సరముల సర్వీసు ఉండవలెను. 2019 నుండి అంతకు తక్కువ సర్వీసు గలవారికిని ఇది లభించుచున్నది. 2004 జనవరి 1 తరువాత చేరి, జాతీయ పింఛను పథకములో ఉన్నవారు, మరణము గాని అశక్తత గాని సంభవించినపుడు ఏ విధానపు ప్రయోజనము కావలెనో ముందుగానే ఐచ్ఛిక పత్రమున తెలుపవచ్చును. ఆ పత్రము దాఖలైనదో లేదో ఆరోగ్యముగా ఉన్నప్పుడే చూచుకొనుట మేలు. రాష్ట్రోద్యోగులు, నగరపాలక ఉద్యోగులు తమతమ నియమములను కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.

చేయవలసిన పనులు

మొదట, చికిత్సను వాయిదా వేయరాదు. ప్రతి చీటీని, ప్రతి పరీక్షా ఫలితమును తేదీల వరుసలో భద్రపరచవలెను. రెండవది, అధికారము గల ప్రభుత్వ వైద్యులనుండి వైకల్య ధ్రువపత్రము పొందవలెను. మూడవది, వేరు పని కావలెనను కోరికను వ్రాతమూలకముగా ఇచ్చి, ముట్టినట్లు సంతకము తీసికొనవలెను. నాలుగవది, చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ సంస్థయందును ఫిర్యాదుల పరిష్కారాధికారి ఉండవలెను. ఆయన వద్ద నమోదైన ఫిర్యాదుపై రెండు వారములలో విచారణ జరుగవలెను. కాగితములు గుజరాతీలో ఉండి అర్థము కానిచో, చదివి చెప్పగలవారిని పిలిచి పూర్తిగా వినిన పిమ్మటనే సంతకము చేయవలెను.

దిగులును సైతము జబ్బుగా ఎంచి చూడవలెను. రెండు వారములు దాటినను నిద్ర పట్టకుండుట, ఆకలి మందగించుట, గుండెదడ, దేనియందును మనసు నిలువకుండుట, బ్రతుకుపై విసుగు పుట్టుట కలిగినచో వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోను, గుజరాతీలోను మాటలాడవచ్చును. చనిపోవలెనను తలంపు కలిగినవారిని ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇంటివారి పాత్రయు గొప్పది. సంపాదించువాడు మంచము పట్టినపుడు అప్పుల లెక్క, అద్దె, పిల్లల చదువు, స్వగ్రామమునకు పంపవలసిన సొమ్ము అన్నియు అతడొక్కడే మోయరాదు. భార్యాభర్తలు కలిసి కూర్చుండి, వచ్చునదెంత, తప్పనిసరి ఖర్చెంత అని కాగితముపై వ్రాసికొనినచో, రూపులేని భయము లెక్కకు అందును. లెక్కకు అందిన కష్టమునకు ఉపాయము వెదకవచ్చును.

రేపు ఏమి జరుగునో ఎవరును చెప్పజాలరు. కాని నేడు చూపించుకొనవలసిన జబ్బు, వ్రాయవలసిన అర్జీ, అడుగవలసిన మాట మన చేతిలో ఉన్నవి. వానిని నెరవేర్చిన ఉద్యోగికి దిగులు పూర్తిగా పోకున్నను, అది అతనిని లొంగదీయజాలదు.