ఆపుట మరచిన మైకు

"గోడలకు చెవులుండును" అని తెలుగువారందురు. ఉర్దూవారును సరిగా ఇదే మాటను "దీవారోఁ కే భీ కాన్ హోతే హైఁ" అని చెప్పుదురు. రెండు భాషలవారమును ఒకే కళాశాలలో కలసి చదువుకొనుచున్నందున ఈ సామెత మాకు ఇరువైపులనుండియు వినబడుచుండును. అయితే దీనిని కల్పించిన పెద్దలు గోడకు చెవులను మాత్రమే ఇచ్చిరి, నోరు ఇయ్యలేదు. గోడ వినిన మాట ఒకరి నోటినుండి మరియొకరి నోటికి ప్రాకుటకు కొంత కాలము పట్టెడిది. ప్రాకుచు కొంత మారెడిది. కావలసినచో "నేనట్లు అనలేదు" అని తప్పించుకొనుటకును వీలుండెడిది. మైకు వచ్చిన పిదప గోడకు నోరు కూడ వచ్చినది. అన్న మాట అన్నవాని గొంతుతోనే, అన్న క్షణముననే వేలమందికి చేరుచున్నది. మైకుగాని కెమెరాగాని ఆగినదని తలచి మాటలాడినవారికి కలుగు ఇక్కట్లు ఎట్లు సంభవించునో, వానివలన నిజముగా నష్టపోవువారెవరో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మా తోటపల్లి గూడూరు పరిసరములలో మైకు క్రొత్త వస్తువు కాదు. శ్రీరామనవమి పందిరి, ఉరుసు, పెండ్లి, నాటకము, ఎన్నికల ప్రచారము, కోడూరు తీరమునకు తుపాను హెచ్చరిక, వీనిలో ఏదియు మైకు సెట్టు లేక జరుగదు. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగకు పోయినవారు, తప్పిపోయిన పిల్లల పేర్లను మైకులో పిలుచుట వినియేయుందురు. ఇట్టి ఉత్సవములలో ప్రకటనకును ప్రకటనకును నడుమ "ఒరేయ్, టీ ఇంకా రాలేదేమిరా!" అను కేక ఊరంతయు వినబడుటయు కద్దు. జనము నవ్వుదురు. కేక వేసినవాడును నాలుక కరచుకొని నవ్వును. అంతటితో సరి.

ఆ సంగతి అంతటితో ముగియుటకు ఒక కారణము కలదు. చెట్టుకో స్తంభమునకో కట్టిన గొట్టపు లౌడుస్పీకరు మాటను ఊరికి వినిపించుచు, మాటలాడినవానికిని తిరిగి వినిపించును. మైకు ముందు తుమ్మినచో ఆ తుమ్ము పదిరెట్లై తుమ్మినవాని చెవికే మరలివచ్చును. స్పీకరు శబ్దము మరల మైకులో ప్రవేశించెనా, కీచుమను కూత బయలుదేరును. వినుటకు దుర్భరమైనను ఆ కూత మంచి కావలివాడు. పాత మైకు తాను మేల్కొనియున్న సంగతిని అందరికంటె ముందుగా తన యెదుట నిలిచినవానికే తెలియజేయును. టెలివిజను మైకు, కోటుకు గ్రుచ్చు చిన్న మైకు, చేతిఫోనులోని మైకు అట్టివి కావు. వాని స్పీకరు వేరొక ఊరిలోనో వేరొక దేశములోనో ఉండును. మాటలాడువాని గదిలో నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దమును బట్టి మైకు నిద్రించుచున్నదని మనుష్యుడు నమ్మును. మేము పరిశీలించిన సంఘటనలలో పెక్కింటికి మూలము ఈ నమ్మకమే.

రేడియోవారు ఈ ప్రమాదమును తొలినాళ్లలోనే గ్రహించి స్టూడియో తలుపువద్ద ఎఱ్ఱదీపము నమర్చిరి. అది వెలుగుచున్నంతసేపు ప్రసారమునకు తగని మాట లోపల ఆడరాదు. కాని దీపము వెలుగకముందు శబ్దపరీక్ష యొకటి జరుగును. మన ఊళ్లలో "హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ" అనినచో అది ముగియును. 1984 ఆగస్టు 11న అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ కాలిఫోర్నియాలోని తన పశుక్షేత్రమునుండి వారపు రేడియో ప్రసంగము చేయుటకు ముందు, ఈ పరీక్షకై అంకెలు చెప్పుటకు మారుగా ఒక పరిహాసమాడెను. రష్యాను శాశ్వతముగా నిషేధించు చట్టముపై సంతకము చేసితిననియు, అయిదు నిమిషములలో బాంబులు వేయుట ఆరంభమగుననియు ఆ పరిహాసపు సారాంశము. అది ప్రసారము కాలేదు, కాని రికార్డయినది. కొలది దినములలోనే బయటపడి దేశదేశములకు ప్రాకినది. సోవియట్ వార్తాసంస్థ టాస్ దానిని ఖండించెను. ఇరుపక్షములవద్దను వేలకొలది అణ్వస్త్రములున్న కాలమది. రీగన్‌గారికి మాత్రము దానివలన కీడేమియు కలిగినట్లు తోచదు. ఆ నవంబరు ఎన్నికలలో యాభై రాష్ట్రములలో నలువదితొమ్మిదింటిని గెలిచెను.

ఇంతకంటె నిరపాయమైన కథ చంద్రునిపై జరిగినది. మన తీరమునకు దక్షిణమున శ్రీహరికోటనుండి రాకెట్లు ఎగయుట చూచి సంతోషించు విద్యార్థులకు ఇది రుచించునని తలంతుము. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 యాత్రయందు చంద్రునిపై దిగిన జాన్ యంగ్, తన తోటి వ్యోమగామి చార్లెస్ డ్యూక్‌తో కడుపులోని వాయుబాధను గూర్చి మొరపెట్టుకొనెను. అంతకు పూర్వపు యాత్రలో వ్యోమగాములకు గుండె లయ తప్పినందున ఈసారి పొటాషియము కలిపిన నారింజరసమును విరివిగా త్రాగించుచుండిరి. భూమికి తిరిగిపోయిన పిదప ఆ జాతి పండ్ల జోలికే పోనని యంగ్‌గారు మోటుమాటలతో ప్రతిజ్ఞ చేయుచుండగా, మైకు తెరచియున్నదని కంట్రోలు కేంద్రమునుండి వర్తమానము వచ్చినది. సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున ఉండియు మనుష్యునికి ఏకాంతము దొరకలేదు. ఇందు ఎవరిని గూర్చియు చెడుమాట లేదు; నారింజపండ్లకు తప్ప ఎవరికిని అపకీర్తి రాలేదు.

బ్రిటను ప్రధాని గోర్డన్ బ్రౌన్ విషయము అట్టిది కాదు. 2010 ఏప్రిల్ 28న, ఎన్నికల ప్రచారమున, రాచ్‌డేల్ పట్టణపు వీధిలో అరువదియైదేండ్ల స్త్రీ యొకతె ఆయనను పలుకరించినది. జీవితమంతయు లేబరు పార్టీకే ఓటు వేసిన కుటుంబస్త్రీ. పింఛను, దేశఋణము, విదేశములనుండి వలసవచ్చువారు మొదలగు విషయములపై ప్రశ్నలు వేసినది. ఆయన మర్యాదగా సమాధానములు చెప్పి, చిరునవ్వుతో వీడ్కోలు తీసికొని కారెక్కెను. కోటుకు స్కై న్యూస్ వారు గ్రుచ్చిన మైకు అట్లే యున్నది. కారు తలుపు మూయబడినది గదా అని సహాయకునితో ఆ సంభాషణ ఘోరముగా సాగినదని విసుగుకొని, ఆమెను సంకుచితబుద్ధి గల స్త్రీ అనెను. తీగ లేని మైకుకు కారు తలుపు అడ్డు కాదు. కోటు గుండీవద్ద నున్న చిన్న పరికరము శబ్దమును నడుమునకు కట్టిన ప్రేషకయంత్రమునకు పంపును. అది రేడియో తరంగములుగా వార్తాసంస్థవారి పరికరములకు చేర్చును. మాటలాడువానికి బరువు తెలియదు, ధ్వని తెలియదు.

ఆ మాటను విలేఖరులు పోయి ఆమెకు చెప్పిరి. వీధిలో ప్రధానమంత్రితో మాటలాడితినని సంతోషముగా ఇంటిదారి పట్టిన స్త్రీ ముఖము ఆ క్షణమున ఎట్లు మారినదో టెలివిజను చూచినవారందరు ఎరుగుదురు. అదే దినమున బి.బి.సి. రేడియో కార్యక్రమమొకదానిలో ఆ రికార్డును బ్రౌన్‌గారికే వినిపించిరి. ఆయన తలను చేతిలో పెట్టుకొని వినెను. అది రేడియో కార్యక్రమమే యైనను గదిలో కెమెరా కూడ నుండినది. ఆ దృశ్యము మరునాడు పత్రికల కెక్కినది! పిమ్మట ఆయన ఆమె ఇంటికి పోయి, దాదాపు నలువది నిమిషములు లోపలనుండి, క్షమాపణ చెప్పివచ్చెను. మే 6న జరిగిన ఎన్నికలలో లేబరు పార్టీ ఆధిక్యతను కోల్పోయినది, మే 11న ఆయన పదవిని వదలెను. ఇదంతయు ఒక్క మైకువలననే జరిగినదని చెప్పుట అతిశయోక్తి. ఆ రాచ్‌డేల్ స్థానమును లేబరు అభ్యర్థియే గెలిచెను. కాని మాటకు గురియైన స్త్రీ యేమి పాపము చేసినది? తానాడని మాటకు ఆమె గుమ్మమున లోకమంతయు వచ్చి నిలిచినది.

మన పొరుగునను ఇట్టిది జరిగినది. 2021 అక్టోబరులో బెంగళూరులోని కాంగ్రెసు కార్యాలయమున పత్రికా సమావేశము ఆరంభమగుటకు ముందు, బళ్లారి మాజీ పార్లమెంటు సభ్యుడు వి.ఎస్. ఉగ్రప్ప, పార్టీ మాధ్యమ సమన్వయకర్త ఎం.ఎ. సలీం పక్కపక్కన కూర్చుండి తమ రాష్ట్రాధ్యక్షుని గూర్చి గుసగుసలాడుకొనిరి. బల్లపై ఛానళ్ల మైకులు గుత్తులుగా నున్నవి. గదిలో గొట్టపు స్పీకరు కీచుమన్నచో ఇద్దరును ఉలిక్కిపడి ఊరకుండెడివారే. ఛానళ్ల మైకులు కీచుమనవు. సలీంను పార్టీనుండి ఆరేండ్లు బహిష్కరించిరి, ఉగ్రప్పకు సంజాయిషీ నోటీసు నిచ్చిరి. వారు ఆడుకొనిన నిందలను ఇచట మరల వ్రాయుట మాకు సమ్మతము కాదు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చుటతో ఈ ఇక్కట్టు మంత్రుల ఇండ్లు దాటి మన ఇండ్లలో ప్రవేశించినది. జూమ్ సమావేశములలో పాల్గొనువారి దైనిక సంఖ్య 2019 డిసెంబరులో ఒక కోటి యుండగా, 2020 ఏప్రిల్‌లో ముప్పది కోట్లు దాటినదని ఆ సంస్థయే ప్రకటించినది. (ఒకే మనిషి దినమునకు మూడు సమావేశములకు పోయినచో మూడుగా లెక్క.) ఆ ఏప్రిల్‌లోనే రాజస్థాన్ హైకోర్టులో న్యాయవాది యొకరు బనియనుతో తెరపై కనబడగా న్యాయమూర్తి విచారణను వాయిదా వేసిరి. జూన్‌లో సుప్రీంకోర్టు ఎదుట మరియొకరు టీషర్టుతో మంచముపై పండుకొని కనబడి క్షమాపణ చెప్పుకొనిరి. 2025 జూన్‌లో గుజరాత్ హైకోర్టు విచారణకు ఒక కక్షిదారు మరుగుదొడ్డినుండియే హాజరై కోర్టు ధిక్కార చర్యకు గురియయ్యెను. కెమెరా చేయు అవమానము ఈ విధముగా ఎక్కువగా కెమెరా ముందున్నవానికే తగులును. మైకు చేయు అవమానము పెక్కుసారులు పరులకు తగులును. ఈ భేదము గమనింపదగినది.

కళాశాల కమిటీవారు ప్రత్యేకముగా వినదగిన సంఘటన యొకటి కలదు. కాలిఫోర్నియాలో ఓక్లీ అను ఊరి పాఠశాలల పాలకమండలి 2021 ఫిబ్రవరి 17న అంతర్జాల సమావేశము జరిపినది. బడులు ఎప్పుడు తెరతురని తలిదండ్రులు మాటిమాటికి అడుగుచుండిరి. సభ్యులు ఇంకను తమలో తామే యున్నామనుకొని, ఈ తలిదండ్రులకు కావలసినది చదువు కాదు, పిల్లలను కనిపెట్టియుండు ఆయాలు అని పరిహసించిరి. సమావేశము ప్రజలకు తెరచియున్నదని ఒక సభ్యురాలు గ్రహించునప్పటికే తలిదండ్రులు విని, రికార్డు చేసియుండిరి. ఆ వారము ముగియకముందే సభ్యులందరును రాజీనామా చేసిరి. తలిదండ్రులకు బాధ కలిగించినది ఆ మోటుమాట కంటె, తాము వ్రాసిన ఉత్తరములను చదువువారు తమను గూర్చి ఇట్లు తలంచుచున్నారను ఎరుకయే యని మా అభిప్రాయము.

అదే ఫిబ్రవరిలో మన దేశమున విద్యార్థిని యొకతె నూరుమందికి పైగా ఉన్న జూమ్ సమావేశమున నుండి, మైకు ఆపితిననుకొని, స్నేహితురాలితో ఫోనులో మాటలాడినది. మాటలాడినది తనను గూర్చి కాదు. ఒక యువకుడు ఆమెను నమ్మి, మరెవరికిని చెప్పవలదని చెప్పిన స్వంత విషయములు! తోటివారు "నీ మైకు తెరచియున్నది" అని పేరుపెట్టి కేకలు వేసిరి. వారి కేకలు ఆమె చెవికి చేరలేదు. ఆ పేరు దేశమంతట నవ్వులపాలైనది. దానిపై లెక్కలేనన్ని హాస్యచిత్రములు పుట్టినవి. ఆ యువకుని గూర్చి తలచినవారు అరుదు. ఉర్దూలో "అమానత్" అను మాట కలదు. నమ్మి ఒకరివద్ద ఉంచిన సొత్తు. తెలుగున "ఇల్లడ" అను పాతమాట దానికి దగ్గరగా నుండును. అతని ఇల్లడ మైకు తెరచియున్నందుననే చెదరినదా? మైకు మూసియున్నను ఒక చెవికి పోయియే యుండెడిది. నూరుమందికి పోవుట మైకు చేసిన పని. లక్షలమందికి పోవుట, దానిని ఫోనులో పంచి నవ్వుకొనినవారు చేసిన పని. అట్టి రికార్డు మన ఫోనుకు వచ్చినప్పుడు పంపుటయా, తుడిచివేయుటయా అనునది మైకు మీటకు సంబంధించిన విషయము కాదు.

యంత్రములు చేసినవారును కొంత మేల్కొనిరి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14లో మైకు పనిచేయునప్పుడు తెరపైభాగమున నారింజరంగు చుక్క, కెమెరా పనిచేయునప్పుడు ఆకుపచ్చ చుక్క కనబడును. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12లో రెండింటికిని ఆకుపచ్చ గుర్తే. స్టూడియో తలుపుమీది ఎఱ్ఱదీపము ఆవగింజంతయై అరచేతిలోనికి వచ్చినదన్నమాట. అయితే దానిని చూడవలెనని తెలిసినవారికే అది కనబడును. పాత ఫోన్లలో ఆ చుక్కయు లేదు.

మన ఊళ్ల సౌండు సర్వీసు కుర్రవాడు ఆంప్లిఫయరు ప్రక్కన కూర్చుండి, వక్త నమస్కారము చెప్పి వెనుదిరుగునంతలోనే గుబ్బను త్రిప్పివేయును. జూమ్ సమావేశమున ఆ పని సమావేశకర్తది. ఇతరుల మైకును మూయు మీట వానివద్ద కలదు. తిరిగి తెరచుటకు మాత్రము వారి సమ్మతి కావలెను. ఇప్పుడు కళాశాలల వార్షికోత్సవములు వేదికపై గొట్టపు స్పీకర్లతోను, ఫోను ద్వారా దూరదేశములందలి పూర్వవిద్యార్థులకును ఏకకాలమున వినబడుచున్నవి. ఆంప్లిఫయరు కట్టినను ఫోను వినుచునేయుండును. కనుక ఆంప్లిఫయరువద్ద ఒకరిని, ఫోనువద్ద మరియొకరిని నియమించి, అతిథి కోటునకు మైకు గ్రుచ్చిన విద్యార్థియే వేదిక దిగుచోట నిలిచి దానిని తీసికొనునట్లు ఏర్పాటు చేయవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. ముగ్గురి పేర్లును కార్యక్రమ పత్రముననే అచ్చువేయించుట మేలు.