ఆపరేషన్ అయిన కడుపుకు అన్నం ఎలా?

"పప్పు పెట్టకండి, చీము పడుతుంది. గుడ్డు పెట్టకండి, వేడి చేస్తుంది." కడుపు ఆపరేషన్ చేయించుకుని కుప్పం నుంచో, వేలూరు నుంచో ఇంటికొచ్చిన రోగి మంచం చుట్టూ మన వెంకటగిరికోట ప్రాంతంలో ఈ మాటలు వినిపిస్తుంటాయి. వీటిలో నిజమెంత?

చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. పప్పు వల్ల కాదు. గాయం మానడమంటే కొత్త కణజాలం అల్లుకోవడం. దానికి కావలసిన ముడిసరుకు మాంసకృత్తులు. వాటిని పోగుగా పేనడానికి విటమిన్ సి కూడా కావాలి. మాంసకృత్తులు చాలకపోతే శరీరం తన కండలనే కరిగించుకుంటుంది. సూక్ష్మజీవులతో పోరాడే శక్తి తగ్గిపోతుంది. అంటే పప్పు మాన్పిస్తేనే చీము పట్టే అవకాశం పెరుగుతుందన్నమాట!

ఒక లెక్క చేద్దామా? ఆరోగ్యవంతుడికి కిలో బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలు. పెద్ద ఆపరేషన్ తర్వాత 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. 30 గ్రాముల రాగిపిండితో కాచిన గ్లాసెడు జావలో ఉండేది 2 గ్రాములే! రాగిలో కాల్షియం పుష్కలమే గాని, జావ ఒక్కటే తాగి బతకాలంటే రోజుకు 30 గ్లాసులు తాగాలి. అదే రెండు గుడ్లలో 12 గ్రాములు, అర లీటరు పాలు పెరుగులలో 16, మెత్తగా ఉడికించిన 75 గ్రాముల పెసరపప్పులో 18 దొరుకుతాయి. మిగతాది అన్నం, జావ ఇస్తాయి.

ఇక, కోసింది ఏ భాగమన్నది ముఖ్యం. జీర్ణాశయం ఆహారాన్ని కొద్దికొద్దిగా చిన్నప్రేవులోకి వదులుతుంది. దాన్ని తీసేస్తే, తాగిన గ్లూకోజు నీళ్ళు ఒక్కసారిగా ప్రేవులో పడతాయి. మీరు పాఠంలో చదువుకున్న ద్రవాభిసరణం గుర్తుందా? ఆ గాఢ ద్రావణం రక్తంలోని నీటిని ప్రేవులోకి లాగుతుంది. అరగంటలోపే చెమటలు, గుండెదడ, కళ్ళు తిరగడం! అందుకే అలాంటివారికి తీపి తగ్గించి, రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టమంటారు.

బి12 విటమిన్ రక్తంలో చేరడానికి జీర్ణాశయం ఊరించే ఒక ప్రత్యేక పదార్థం కావాలి. జీర్ణాశయం మొత్తం తీసేస్తే ఆ పదార్థమే ఉండదు. కాలేయంలోని నిల్వ కొన్నేళ్ళు ఆదుకుంటుంది కాబట్టి లోపం ఆలస్యంగా బయటపడుతుంది. "బాగానే ఉన్నాను కదా" అని బి12 మందు మానేస్తే తర్వాత రక్తహీనత, నరాల జబ్బు రావచ్చు.

ప్రేవులు అసలే పనిచేయకపోతే? 1960ల చివర అమెరికాలో స్టాన్లీ డుడ్రిక్ బృందం పూర్తి పోషకాహారాన్ని రక్తనాళం ద్వారానే ఇవ్వవచ్చునని నిరూపించింది. అయితే ప్రేవులు పనిచేస్తుంటే నోటితో తినడమే మేలు. ఒకప్పుడు రోజుల తరబడి కడుపు మాడ్చేవారు. నేడు చాలా ఆపరేషన్ల తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్లు కొద్దికొద్దిగా ఆహారం మొదలుపెడుతున్నారు.

మీ ఇంట్లో ఆసుపత్రి చీటీ చదవగలిగింది మీరొక్కరే కావచ్చు. ఏ భాగం తీశారు, ఏది ఎప్పటినుంచి తినవచ్చు, ఏ మందు ఎన్నాళ్ళు వాడాలి? ఈ మూడూ డాక్టరును అడిగి రాసుకోండి. పెద్దలకు చదివి వినిపించండి. మీ చదువుకు అంతకన్నా మంచి ఉపయోగమేముంది?