264 కిలోమీటర్లు, ఒక గంట

శంషాబాద్ విమానాశ్రయానికీ విజయవాడ సమీపంలోని గన్నవరం విమానాశ్రయానికీ మధ్య ఆకాశమార్గ దూరం సుమారు 264 కిలోమీటర్లు. ఇటువంటి చిన్న దూరాలకు ఎక్కువగా వాడే ఏటీఆర్-72 విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది కనుక, కేవలం భాగహారం చేస్తే ప్రయాణం 32 నిమిషాల్లో ముగియాలి. విమానసంస్థల కాలపట్టికలు మాత్రం ఇంచుమించు గంట చూపుతాయి.

ముందుగా దూరం సంగతి. భూగోళంపై రెండు స్థలాల గుండానూ వెళుతూ భూకేంద్రమే తన కేంద్రంగా గల వృత్తాన్ని మహావృత్తం అంటారు; దాని చాపం వెంబడి కొలిచినదే ఆ రెండింటి మధ్య కనిష్ఠ దూరం. వైమానికులు దీనిని నాటికల్ మైళ్లలో చెబుతారు. అక్షాంశంలో ఒక కళకు, అంటే డిగ్రీలో 60వ వంతుకు, సరిపడే ఈ కొలత 1.852 కిలోమీటర్లకు సమానం కనుక, పై దూరం సుమారు 143 నాటికల్ మైళ్లవుతుంది.

కాలపట్టికలోని గంట గాలిలో గడిచే సమయం మాత్రమే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో మళ్లీ ఆగేదాకా పట్టే మొత్తం వ్యవధిని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే వరకు నేలపై నడవడం, తన వంతు కోసం వేచి ఉండడం కూడా అందులో చేరతాయి.

అంతకంటె ఆసక్తికరమైనది గాలి పాత్ర. రెక్కలకు తగిన ఎత్తుబలం తక్కువ పరుగులోనే లభించాలంటే విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. ఈ రెండు చోట్లా రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నందున, పడమటి గాలి బలంగా వీచే నైరుతి రుతుపవన కాలంలో గన్నవరం వెళ్లవలసిన విమానం శంషాబాద్‌లో పడమటికి లేచి వెనుదిరగవలసి వస్తుంది. గన్నవరంలోనూ విమానాశ్రయాన్ని దాటి తూర్పుగా పోయి, మళ్లీ పడమటి ముఖంగా దిగాలి. తూర్పు గాలి వీచే రోజున ఈ రెండు మలుపుల అవసరమూ దాదాపు తప్పుతుంది.

వేగవంతమైన జెట్ విమానాన్ని నడిపితే సగం సమయం మిగులుతుందనుకోవడం సరికాదు. దిగుదలలో ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్ల వాడుక లెక్క. ఆ ప్రకారం 35,000 అడుగుల నుంచి దిగడానికే 194 కిలోమీటర్లు పడుతుంది, మిగిలిన 70 కిలోమీటర్లలో అంత ఎత్తుకు ఎక్కడం సాధ్యం కాదు. అందువల్ల జెట్ తనకు అనువైన ఎత్తును అందుకోకుండానే, ఇంధనం ఎక్కువగా ఖర్చయ్యే దట్టమైన గాలిలో పయనించవలసి వస్తుంది. టర్బోప్రాప్, అనగా టర్బైన్‌తో తిరిగే పంఖా గల ఏటీఆర్, ఈ దూరానికి తగిన విమానం కావడానికి ఇదే కారణం.

దూరం మరీ తగ్గితే భాగహారం పూర్తిగా అర్థం కోల్పోతుంది. స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య 1967 నుంచి నడుస్తున్న విమాన సర్వీసు దూరం సుమారు 2.7 కిలోమీటర్లు, కాలపట్టికలో దానికి 2 నిమిషాలు కేటాయించారు, అనుకూలమైన గాలిలో ఒకసారి 53 సెకన్లలోనే ముగిసింది.

రోడ్డు, రైలు, విమానాలలో దేనిని ఎంచుకోవాలో ప్రయాణికుడు సరిగా తేల్చుకోవాలంటే, టికెట్‌పై బ్లాక్ టైమ్‌తో పాటు గాలిలో గడిచే సమయాన్ని కూడా విమానసంస్థలు విడిగా అచ్చువేయాలి.