గోదావరిలో ఆ మొదటి గంట ఎవరిది?

ఏటిలో బోటు మునిగిందన్న కబురు పట్నం చేరేసరికే చాలా సేపవుతుంది. అక్కడినుంచి పడవలు, గజ ఈతగాళ్లు, అధికారులు బయలుదేరి రావాలి. నీళ్లలో కొట్టుకుపోతున్నవాడు అంతదాకా ఆగలేడు. ఆ వేళకు చెయ్యి అందించగలిగేది గట్టుమీది మనిషి ఒక్కడే. గోదావరి తీరాన వున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. 2019లో కచ్చులూరు దగ్గర ఇది మరోసారి రుజువయింది.

ఆ ఏడాది సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ గుడి వద్దనుంచి పాపికొండలు చూడడానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు మధ్యాహ్నం వేళ దేవీపట్నం మండలం కచ్చులూరు మందం వద్ద తిరగబడింది. ఆనాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతున్నది. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి అక్కడ కొండల నడుమ ఇరుకున పడి, మలుపు తిరిగి, సుళ్లు కడుతుంది. బోటులో పర్యాటకులు, సిబ్బంది కలిసి 70 మందికి పైగా వున్నారు.

అది చూసిన దగ్గరి గూడేల గిరిజనులు ఎవరి ఉత్తరువుకోసమూ చూడలేదు. నాటు పడవలు వేసుకుని వరదలోకి వెళ్లారు. లైఫ్ జాకెట్ల ఆసరాతోనో, చేతికి దొరికినదాన్ని పట్టుకునో తేలుతున్న వారిని పడవల్లోకి లాగి గట్టుకు చేర్చారు. మొత్తంమీద 26 మంది బతికారు. సుమారు 50 మంది గోదావరి పాలయ్యారు.

తరువాత పెద్ద బలగాలే వచ్చాయి. జాతీయ విపత్తు దళం, నౌకాదళం రోజుల తరబడి గాలించాయి. కొందరి శవాలు దిగువన ధవళేశ్వరం దాకా కొట్టుకుపోయాయి. బోటును చివరకు అక్టోబరు 22న, 38వ రోజున, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప మోకులు, లంగర్లు వేసి ఒడ్డుకు లాగింది. ఇన్ని రోజుల శ్రమలో దొరికినవి శవాలే. బతికిన 26 మందీ ఆ మధ్యాహ్నమే, పెద్ద బలగాలు దిగకముందే ఒడ్డు చేరినవారు.

కృష్ణలోనూ ఇదే జరిగింది. 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ ప్రాణాలతో బయటపడిన వారిలో పలువురిని కాపాడింది దగ్గరలో వున్న జాలర్లే.

గూడెం లేచిపోతే దిక్కెవరు?

ఇప్పుడు ఆలోచించవలసిన విషయం ఒకటి వుంది. పోలవరం ఎగువ కాఫర్ డ్యామ్ 2021లో నదికి అడ్డుపడిన తరువాత దేవీపట్నం వైపు నీరు వెనక్కి తన్ని నిలుస్తున్నది. పారే ఏరు క్రమంగా చెరువవుతున్నది. తీరంలోని చాలా గూడేలు ఖాళీ అయ్యాయి. అక్కడి జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. కచ్చులూరు ప్రమాదం తరువాత ఆగిన పాపికొండల విహారం మాత్రం 2021 నవంబరులో మళ్లీ మొదలయింది. అంటే నీటిమీద తిరిగే జనం వున్నారు, నీటి గట్టున కాపురమున్న జనం తగ్గిపోయారు. రేపు మరో బోటుకు ఆపద వస్తే గట్టునుంచి పడవ వేసుకుని వచ్చేదెవరు?

రేవులవద్ద కంట్రోల్ రూములు పెట్టాలని 2019లోనే ప్రభుత్వం నిర్ణయించింది. బోటును తనిఖీ చేయడానికి, వరద వేళ ఆపడానికి అవి అవసరమే. కాని రెండు రేవుల మధ్య, కొండ మలుపులో జరిగేదానికి ఊరివాళ్లే దిక్కు.

చందాలతో నడిచే లైఫ్ బోట్లు

ఊరివాళ్ల సాయాన్ని అదృష్టానికి వదలకుండా ఒక కట్టుబాటు కిందికి తెచ్చిన దేశాలున్నాయి. ఇంగ్లండులో 1824లో పుట్టిన లైఫ్ బోట్ సంస్థ ఒకటి ఇప్పటికీ ప్రజల చందాలమీదనే ప్రధానంగా నడుస్తున్నది. సముద్ర తీరాననే కాక, ఐర్లండులోని డెర్గ్, రీ సరస్సుల ఒడ్డున కూడా దాని పడవలు సిద్ధంగా వుంటాయి. వాటిని నడిపేవారిలో అత్యధికులు స్వచ్ఛంద సేవకులే. పిలుపు రాగానే చేతిలో పని వదిలి రేవుకు పరుగెత్తుతారు. ఇంతవరకు ఆ సంస్థ కాపాడిన ప్రాణాలు లక్షా 40 వేలకు పైమాటే.

మన దేశంలో 2018 ఆగస్టు వరదలలో కేరళ జాలర్లు చేసినది ఇంతకు తీసిపోదు. సముద్రపు పడవలను లారీలకెక్కించి లోపలి ఊళ్లకు తీసుకుపోయారు. వారు ఒడ్డుచేర్చిన వారి సంఖ్య 65 వేలని అంచనా. ప్రభుత్వం రోజుకు ఇంత అని డబ్బు ఇస్తామంటే పుచ్చుకోనన్నవారూ వున్నారు.

ఇటువంటి సేవకులకు తర్ఫీదు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ‘ఆపద మిత్ర’ పథకం ప్రారంభించింది. 12 రోజుల శిక్షణ, దానితోపాటు లైఫ్ జాకెట్, టార్చి, తాడు వంటి సరంజామా యిస్తారు. తరువాత దీనిని 350 జిల్లాలకు, లక్ష మందికి విస్తరించారు. ఈత వచ్చిన యువకులు, పడవ నడిపే జాలర్లు ఇందులో ముందుండాలి. పునరావాస కాలనీలకు వెళ్లినవారిలో నది గుట్టు తెలిసిన సరంగులు, పడవవారు వున్నారు. వారికి రేవువద్దనే పని కల్పిస్తే వారికి జీవనమూ దొరుకుతుంది, బోటెక్కే జనానికి భద్రతా వుంటుంది.

ప్రతి రేవుకూ పది మంది

ఇది గోదావరి ఒక్కదానికే కాదు. చెరువు, కాలువ, జలాశయం వున్న ప్రతి ఊరికీ పది మందితో ఒక దళం వుండవచ్చు. కావలసినవి పెద్ద ఖర్చువి కావు. ఒక మంచి పడవ, తెడ్లు, పొడవాటి మోకు, గాలి నింపిన లారీ ట్యూబులు రెండు మూడు, వెదురు గడ, టార్చిలైటు, పడవవారికి లైఫ్ జాకెట్లు. ఇవి ఎవరి ఇంట్లోనో తాళంలో కాక, రేవువద్దనే వుండాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు కాకూడదు.

నీళ్లలో మనిషిని చూడగానే దూకడం ధైర్యమే కాని, తెలివి కాదు. మునిగేవాడు ప్రాణభయంతో కౌగిలించుకుంటే ఇద్దరూ మునుగుతారు. ముందు గడ అందించాలి. అందకపోతే తాడో, ట్యూబో విసరాలి. అదీ కుదరకపోతే పడవమీద వెళ్లాలి. ఈదుకుంటూ వెళ్లడం చివరిమాట. చిన్న పడవలోకి మనిషిని పక్కనుంచి లాగితే పడవే తిరగబడుతుంది. కొసనుంచి ఎక్కించాలి.

తాడు లేదని చేతులు ముడుచుకోనక్కరలేదు. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయంలో నలుగురు కుర్రవాళ్లు మునిగిపోతుంటే, గట్టున వున్న ముగ్గురు ఆడవాళ్లు కట్టుకున్న చీరలు విప్పి నీళ్లలోకి విసిరారు. ఇద్దరు వాటిని పట్టుకుని బతికారు. మిగతా ఇద్దరూ దక్కలేదు. ఆ ముగ్గురినీ రాష్ట్ర ప్రభుత్వం సన్మానించింది.

ఒడ్డుకు తెచ్చిన తరువాత

ఒడ్డుకు తెచ్చిన మనిషి పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, కుమ్మరి సారెమీద తిప్పడం మన పల్లెల్లో పాత అలవాట్లు. ఇవి మేలు చేయవు, హాని చేస్తాయి. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందువల్ల నీళ్లు కక్కించడం కాక ఊపిరి అందించడం ముఖ్యం. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుపెట్టి ఐదుసార్లు ఊదాలి. అప్పటికీ ఉలుకూ పలుకూ, ఊపిరీ లేకపోతే రొమ్ము నడుమ రెండు చేతులతో రెండంగుళాలు దిగేట్టు గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదాలి. సాయం వచ్చేదాకా ఇలా చేస్తూనే వుండాలి. ఈలోగా ఇంకొకరు 112కు ఫోను చేయాలి. మనిషి తేరుకుని కూర్చున్నా ఆసుపత్రికి పంపవలసిందే. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తరువాత ప్రాణంమీదికి తేవచ్చు.

బోటెక్కేవారి బాధ్యత కూడా కొంత వుంది. ఎండగా వుందనో, భోజనం వేళనో లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టకూడదు. గట్టునుంచి పడవ వచ్చేదాకా మనిషిని తేల్చి వుంచేది అదే.

కచ్చులూరు గిరిజనులకు తర్ఫీదు లేదు, సరంజామా లేదు. నదిని ఎరిగిన చేతులు, ఒక తెడ్డు మాత్రమే వున్నాయి. వాటితోనే వారు ఆ పని చేయగలిగారు. ఆ చేతులకు ఒక లైఫ్ జాకెట్, ఒక తాడు, పన్నెండు రోజుల శిక్షణ తోడయితే ఇంకెందరు ఒడ్డు చేరేవారో! వచ్చే వరదలకు ముందే ప్రతి రేవువద్దా పడవ సిద్ధంగా వుండాలి, దాన్ని నడపగలవాడు పిలుపు దూరంలో వుండాలి.