గోమూత్రం డ్రమ్ము పక్కన సూపర్ గ్లూ పెడుతున్నారా? షెడ్డులో ఎలా దాచుకుంటే ఎక్కువ రోజులు ఉంటుందో చూద్దాం

ఈసారి కషాయాల గురించి కాదు, షెడ్డులో సామాను గురించి మాట్లాడుకుందాం. స్ప్రేయర్ పిడి పగిలింది, డ్రమ్ము మూత చిట్లింది, రబ్బరు వాషర్ తెగింది. ఇలాంటి చిన్న రిపేరు వచ్చినప్పుడల్లా మనందరి చెయ్యి ముందు వెళ్లేది ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ మీదకే. తీరా మూత తీస్తే లోపల రాయిలా గట్టిపడి ఉంటుంది. ఒక్క చుక్క వాడాం, మిగతాదంతా పారేశాం. చాలామంది షెడ్డుల్లో ఇదే కథ. ఇలా ఎందుకు అవుతుందో ఒకసారి అర్థమైతే, ఎలా దాచుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్లూ ఎండిపోదు, గట్టిపడుతుంది

ముందు ఒక మాట. పెయింటు ఎండినట్టు సూపర్ గ్లూ ఎండదు. అందులో ఆరిపోయే నీళ్లు గానీ, ఎగిరిపోయే థిన్నర్ గానీ ఉండవు. ఉండేది సయనోఅక్రిలేట్ అనే ద్రవం. దానికి కాస్త తేమ తగిలితే చాలు, చిన్న చిన్న అణువులు ఒకదానికొకటి గొలుసులా పట్టుకుని ప్లాస్టిక్‌గా మారిపోతాయి. అతికించే వస్తువు మీద కంటికి కనిపించని తేమ పొర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి సెకన్లలో పట్టేస్తుంది. మన వేళ్లు అంత త్వరగా అతుక్కుపోవడానికీ కారణం ఇదే.

1942లో అమెరికాలో కోడాక్ కంపెనీలో పనిచేసే హ్యారీ కూవర్ తుపాకీ గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ ఈ పదార్థం మీద పనిచేశారు. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతోందని అప్పుడు పక్కన పెట్టేశారు. 1951లో ఆయన, ఫ్రెడ్ జాయ్నర్ కలిసి మళ్లీ దాన్ని చూసి, ఆ అంటుకునే గుణమే దాని విలువ అని గుర్తించారు. 1958లో జిగురుగా మార్కెట్‌లోకి వచ్చింది.

గొలుసు దానంతట అదే మొదలవకుండా కంపెనీలు ట్యూబులో చాలా కొద్దిగా ఆమ్ల గుణం ఉన్న పదార్థం కలుపుతాయి. అంటే పులుపు ఉన్నంతవరకు గ్లూ నిద్రపోతుంది. ఆ పులుపును విరిచేది ఏది తగిలినా లేచి గట్టిపడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మన షెడ్డుల్లోనే ఎందుకు త్వరగా పాడవుతుంది?

గ్లూకి శత్రువులు మూడు: తేమ, వేడి, క్షారం. ఈ మూడూ ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల షెడ్డులో ఒకేచోట దొరుకుతాయి.

తేమ సంగతి తెలిసిందే. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, గాలిలో తేమ ఎక్కువ. పైగా పక్కనే నీళ్ల డ్రమ్ములు.

వేడి: మే నెలలో బయటే 43, 44 డిగ్రీలు ఉంటే రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ట్యూబు సీలు తీయకపోయినా లోపల గ్లూ చిక్కబడుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోరు. గోమూత్రంలో యూరియా ఉంటుంది. నిల్వ ఉంచేకొద్దీ సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. పాత గోమూత్రం డ్రమ్ము మూత తీయగానే ముక్కుకు ఘాటు కొట్టేది అదే. అమ్మోనియా క్షారం. పులుపుతో నిద్రపుచ్చిన గ్లూకి ఈ ఆవిరి తగిలితే గట్టిపడటం తొందరవుతుంది. మూత ఒకసారి తెరిచిన ట్యూబుని గోమూత్రం, జీవామృతం డ్రమ్ముల పక్కన అరలో పెట్టకూడదనేది అందుకే. బీజామృతానికి తెచ్చుకున్న సున్నం, విత్తనాలకు పెట్టుకున్న బూడిద కూడా క్షారాలే. విత్తనాల్లో బూడిద కలిపి దాచే అలవాటు మంచిదే, కానీ అదే డబ్బాలో గ్లూ పెట్టొద్దు. తేమ పీలుస్తుంది కదా అని సున్నం ముక్క పక్కన పెట్టడం కూడా వద్దు.

దాచుకునే పద్ధతి

వీడియోలో చూపించిన డబ్బా ఖరీదైనదేమీ కాదు, గట్టిగా బిగిసే మూత ఉన్న మామూలు ప్లాస్టిక్ డబ్బా. పద్ధతి ఇలా:

1. వాడటం అవగానే ట్యూబుని నిలబెట్టి, నేల మీద రెండుసార్లు మెల్లగా తట్టండి. ముక్కులో నిలిచిన గ్లూ కిందకి దిగిపోతుంది. ముక్కులో మిగిలితే అక్కడే గట్టిపడి దారి మూసుకుపోతుంది.

2. ముక్కు చివర తడిని పాలిథిన్ కవరు ముక్కతో తుడవండి. పాలిథిన్‌కి ఈ గ్లూ సరిగా అంటుకోదు. దూది, నూలు గుడ్డ మాత్రం వాడొద్దు. ఎందుకో కింద చెప్తాను.

3. మూత బిగించి, డబ్బాలో నిలువుగా పెట్టండి. పడుకోబెడితే గ్లూ మూతలోకి వచ్చి, మూతా ముక్కూ కలిసి అతుక్కుపోతాయి.

4. డబ్బాలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేయండి. చెప్పుల పెట్టెల్లో, మందు డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలే ఇవి. కానీ ఎన్నాళ్లో బయట పడి ఉన్న పొట్లం అప్పటికే తేమ తాగేసి ఉంటుంది, దానివల్ల ఉపయోగం ఉండదు. రంగు మారే గింజలు దొరికితే మేలు. నారింజ రంగు గింజలు తేమ పట్టాక పచ్చగా మారతాయి, అప్పుడు మార్చేయాలి. బియ్యం గింజలు వేస్తే సరిపోతుందా అని అడుగుతారు. బియ్యం పీల్చే తేమ చాలా తక్కువ, దాన్ని నమ్ముకోవద్దు.

5. డబ్బాని షెడ్డులో కాకుండా ఇంట్లో చల్లగా, నీడగా, పిల్లలకి అందని చోట పెట్టండి. షెడ్డులోనే పెట్టాలంటే డ్రమ్ములకు దూరంగా, కింది అరలో పెట్టండి. రేకు కింద పై అరలో వేడి ఎక్కువ.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

సీలు తీయని ట్యూబు అయితే పెట్టొచ్చు, ఎక్కువ రోజులు ఉంటుంది. అయితే బయటికి తీయగానే మూత తెరవకూడదు. చల్లటి నీళ్ల సీసా బయట పెడితే చెమట పట్టినట్టే చల్లటి ట్యూబు మీద కూడా తేమ పడుతుంది. ఒక గంట ఆగి, మామూలు వేడికి వచ్చాక తెరవండి. ఒకసారి తెరిచిన ట్యూబుని ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, మళ్లీ పెట్టడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. దానికి సిలికా జెల్ డబ్బానే సరైన చోటు.

వీటన్నిటికంటే తేలికైన ఉపాయం ఒకటుంది. ఏడాదికి నాలుగైదు రిపేర్లు మాత్రమే చేసేవాళ్లు 20 గ్రాముల సీసా కొనొద్దు. అర గ్రాము చిన్న ట్యూబులు నాలుగు కొనండి. గ్రాము లెక్కన ధర ఎక్కువ అనిపిస్తుంది, కానీ ఒకటి తెరిస్తే మిగతా మూడూ సీలుతో భద్రంగా ఉంటాయి. కొనేటప్పుడు ప్యాక్ మీద తయారీ తేదీ చూడండి. షాపు ముందు ఎండలో వేలాడుతున్న అట్ట మీది నుంచి తీసుకోకుండా, లోపలి సరుకు అడగండి.

పాడైందని ఎలా తెలుస్తుంది?

మంచి గ్లూ నీళ్లలా జారుతుంది. జెల్ రకం అయితే మొదటినుంచే చిక్కగా ఉంటుంది, దాని సంగతి వేరు. మామూలు రకం తేనెలా సాగుతూ తీగలు తీగలుగా వస్తుంటే పట్టు తగ్గినట్టే. ముఖ్యమైన రిపేరుకి అది వాడొద్దు.

మంచి గ్లూ అయినా అన్నిటికీ పనికిరాదు. డ్రిప్ లేటరల్ పైపు పాలిథిన్ రకం, దానికి పట్టదు. అక్కడ జాయినర్ వేసుకోవాల్సిందే. పీవీసీ పైపులకు సాల్వెంట్ సిమెంటే వాడాలి. రబ్బరు, చెక్క, గట్టి ప్లాస్టిక్ పిడులకు సూపర్ గ్లూ బాగా పనిచేస్తుంది. పలచగా ఒక చుక్క వేసి గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలు. ఎక్కువ పోస్తే పట్టు పెరగదు, ఆలస్యం అవుతుంది.

ఈ మూడు జాగ్రత్తలు మాత్రం మర్చిపోవద్దు

మొదటిది కళ్లు. కొన్ని గ్లూ సీసాలు అచ్చం కంటి చుక్కల మందు సీసాలా ఉంటాయి. పొరపాటున కంట్లో వేసుకున్న సంఘటనలు చాలా దేశాల్లో డాక్టర్లు నమోదు చేశారు. కాబట్టి ఇంటి మందులతోగానీ, పశువుల మందులతోగానీ ఒకే పెట్టెలో ఎప్పుడూ పెట్టొద్దు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'జిగురు' అని రాసి పెట్టండి. కంట్లో పడితే రెప్పలు లాగొద్దు, నలపొద్దు. గోరువెచ్చని నీళ్లతో పదిహేను నిమిషాలు కడుగుతూ వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లండి.

రెండోది పత్తి. దూది, నూలు గుడ్డ, నూలు గ్లవ్స్ మీద గ్లూ ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, చర్మం కాలుతుంది. పత్తి నిల్వ ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

మూడోది చర్మం. వేళ్లు అతుక్కుంటే బలంగా లాగొద్దు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించి విడదీయండి. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా పనిచేస్తుంది, కానీ కళ్లు, నోటి దగ్గర వాడకూడదు. పగిలిన మడమలకి, తెగిన గాయాలకి దీన్ని పూసే అలవాటు పల్లెల్లో ఉంది. ఆసుపత్రిలో వాడే జిగురు ఇదే జాతిది అయినా, శరీరం కోసం వేరుగా తయారు చేసింది. షాపులో దొరికేది గాయానికి వద్దు.

మనం విత్తనాన్ని ఎంత పొడిగా, చల్లగా దాచుకుంటామో ఈ చిన్న ట్యూబుని కూడా అలాగే దాచుకోవాలి. ఒక డబ్బా, రెండు పొట్లాలు, డ్రమ్ములకు దూరంగా ఒక మూల. ఇంతే పని. ఈరోజే షెడ్డులోకి వెళ్లి మీ ట్యూబు ఏ డ్రమ్ము పక్కన ఉందో ఒకసారి చూడండి.