రాగిరేకులకు రాగ మొసగిన రాళ్లపల్లి

అనంతపురము పేరు వినినంతనే మనకు మొదట స్ఫురించునది క్షామము. పడమటి కనుమలలో తమ సొత్తంతయు కురిసిన మేఘములు ఈ పీఠభూమికి వచ్చునప్పటికి రిక్తహస్తములై యుండును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు నదనునకు కురియునన్న నమ్మకము లేదు. ఇట్టి మెట్టనేలలో, కంబదూరు ప్రాంతమున, రాళ్లపల్లి యను చిన్న గ్రామము కలదు. సంగీత సాహిత్యములను రెంటిని సమముగ సాధించిన అనంతకృష్ణశర్మగారు 1893 జనవరి 23వ తేదీన అచ్చటనే జన్మించిరి.

తండ్రి కృష్ణమాచార్యులుగారు పండితులు. తల్లి అలమేలుమంగమ్మగారికి పాట వచ్చును. చదువు తండ్రినుండియు, గానము తల్లినుండియు కుమారునకు సంక్రమించినవి. చిన్ననాడే మైసూరు చేరి, పరకాల మఠమున సంస్కృతము నభ్యసించిరి. బిడారం కృష్ణప్పగారి వంటి విద్వాంసుల యొద్ద సంగీతమునకు మెరుగు దిద్దుకొనిరి. 1912లో, కట్టమంచి రామలింగారెడ్డిగారి ప్రోత్సాహమున, మహారాజా కళాశాలలో తెలుగు పండితులైరి. అప్పటికి వారికి పందొమ్మిదేండ్లు. నాటినుండి 1949 వరకు, కన్నడ దేశపు రాజధానిలో తెలుగు పాఠము చెప్పుటయే వారి వృత్తి.

ఆ కాలముననే హాలుని ప్రాకృత గాథలను తేట తెలుగు పద్యములుగ మలచిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వేమనను గూర్చి వారిచ్చిన ఉపన్యాసములు నేటికిని విమర్శకు ఒరవడి. వేమన సమాధి యున్న కటారుపల్లి కదిరి సీమలోనిదే. తన సీమ కవియని పొగడ్తలతో ముంచెత్తక, ఐతిహ్యమును విడదీసి పద్యమును పరీక్షించుట శర్మగారి మార్గము. ఈ నిదానమే తరువాత వారికి మిక్కిలి యక్కరకు వచ్చినది.

ఉద్యోగ విరమణానంతరము, సామాన్యులు విశ్రాంతి కోరు వయస్సున, వారు తిరుపతికి వచ్చి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరిరి. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయములోని చిన్న అరలో శతాబ్దములపాటు మరుగుపడి, 1922 ప్రాంతమున వెలుగు చూచినవి. వాని పరిష్కరణకు పాటుపడిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో దివంగతులైరి. ఆ భారము శర్మగారి భుజములపై బడెను.

పని యెంత కష్టమో విద్యార్థులు గమనింపవలెను. రేకుపై పాటకు ముందు రాగము పేరుండును; స్వరము మాత్ర ముండదు. తాళము పేరు సాధారణముగ కానరాదు. లిపి చదివి, పదము లెచ్చట విరుగునో తేల్చి, లేఖక దోషములను సవరించి, పల్లవికిని చరణములకును మాత్రలు లెక్కించి నడకను గుర్తించిన పిదపగాని గొంతెత్త వలను పడదు. పిమ్మట రాగము సంగతి. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పరమపదించినట్లు చెప్పుదురు. వేంకటమఖి మేళకర్త పద్ధతి పదునేడవ శతాబ్దినాటిది. కావున రేకుపై బౌళి యనియో, సాళంగనాట యనియో ఉన్నను, ఆనాటి రూపము ఈనాటి రూపమే యని ప్రమాణము చేయగలవా రెవరు? దేశాక్షి, గుండక్రియ వంటి రాగములు నేటి కచేరీలలో అరుదై పోయినవి.

శర్మగారి యెదుట రెండు దారు లుండెను. పాతస్వరము దొరకలేదు గనుక పాటలను పుస్తకమునకే వదలుట యొకటి. తనకు తెలిసిన విద్యతో వానికి క్రొత్త స్వరము లొసగుట రెండవది. మొదటి దారిలో తప్పు జరుగదు, కాని పాట మూగయై పోవును. వారు రెండవదానిని స్వీకరించి, నూరింటికి పైగా సంకీర్తనలను స్వరపరచి ప్రకటించిరి. సాహిత్యమున అర్థ మెచ్చట నిలుచునో రాగమును నచ్చటనే నిలిపిరి. మాటను నలిపివేయు సంగతులకు చోటీయలేదు. పండితుడును గాయకుడును ఒక్కరే యగుటవలన నిది సాధ్యమైనది.

'గానకళ', 'సారస్వతాలోకనము' వారి పరిణత బుద్ధికి నిదర్శనములు. 1974లో మదరాసు సంగీత విద్వత్సభవారు సంగీత కళానిధి బిరుదముతో గౌరవించిరి. 1979 మార్చి 11వ తేదీన తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆస్థాన విద్వాంసులుగ సన్మానించిరి. ఆ దినముననే వారు కన్నుమూసిరి.

నేడు బడిపిల్లలు సైతము అన్నమయ్య పాటలు పాడుచున్నారు. పాట నేర్పునప్పుడు ఉపాధ్యాయులు రెండు మాటలు చెప్పుట మేలు: ఈ పదములు పదునైదవ శతాబ్దివి, ఈ స్వరము మన కాలపు విద్వాంసుల కష్టార్జితము. ఆ తేడా తెలిసినచో అన్నమయ్యపై భక్తి తగ్గదు. వాన చాలని నేలపై పుట్టి, మూగవోయిన పాటకు గొంతుకయైన పెద్దమనిషి పేరును పిల్లలు మరువకుందురు.