గరిడీ వ్యయ మెవ్వరు భరింపవలెను?

ఊరి గరిడీ మూతపడినప్పుడు మనవారు సామాన్యముగా రెండు కారణములు చెప్పుదురు: కుఱ్ఱవాండ్రకు శ్రద్ధ తగ్గినదని యొకటి, వస్తాదునకు కోప మెక్కువయని యొకటి. రెండును కొంతవఱకు నిజమే కావచ్చును. మూడవ కారణము మాత్రము లెక్కల పుస్తకములోనిది. దానిని గూర్చి రచ్చబండకడ మాటలాడువారు అరుదు.

గోదాలో పోయు ఎఱ్ఱమన్ను, అందు కలుపు నూనె, కఱ్ఱలు, గదలు, సంగడములు, వానకు తడవని పాక: ఇవి యొకసారి సమకూర్చినచో కొన్నియేండ్లు నిలుచును. పెద్దవ్యయము వస్తాదే. ఆయన తెల్లవారుజామున కొంతసేపు, ప్రొద్దుగ్రుంకిన పిదప కొంతసేపు నేర్పవలెను. నడుమ మిగిలిన వేళలో పూర్తి కూలి రాదు. సాము చేయువాని తిండి చాలీచాలని తిండి కారాదు. ఇక శిష్యులన్ననో, నాట్లకును కోతలకును పొలమునకు పోవుదురు. కొందఱు పనులకై దూరపు పట్టణములకు వలసపోవుదురు. గట్టిపడిన శిష్యుడు ఏ సిపాయి కొలువునకో పోవును. గోదా ఖాళీగానున్న నెలలలోను వస్తాదు ఇంటిలో పొయ్యి వెలుగవలసినదే గదా! వీనికి తోడు విద్య నమ్మరాదను మర్యాద యొకటి కలదు. దసరానాటి గురుదక్షిణ పుచ్చుకొనవచ్చును గాని, నెలనెలా జీతమడుగుట చిన్నతనమని యాయన యెంచును. అడుగనిదే మన మీయము.

పూర్వ మీ చిక్కును సంస్థానములు తీర్చినవి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధము జరిగిన కాలమున కత్తి పట్ట నేర్చినవానికి కోటలో కొలువుండెను. సామనగా నాడు వేడుక కాదు, జీవనోపాధి. దొరతనము మారి కొలువులు తగ్గిన పిదప, జమీందారులు పండుగలకు వస్తాదులను పిలిచి బహుమతు లిచ్చుచుండిరి. 1948లో చెన్నరాష్ట్ర శాసనము జమీందారీలను రద్దుచేయగా, ఆ పోషణయు తొలగెను.

ఈ చిక్కును మనవారిలో కోడి రామమూర్తినాయుడుగారు ఎదుర్కొన్న తీరు తెలిసికొనదగినది. ఆయన జన్మస్థలము వీరఘట్టము; 2022 నుండి ఆ యూరు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. విజయనగరమున పినతండ్రి యింట పెరిగి సాము నేర్చి, చెన్నపట్టణము చేరువనున్న సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, విజయనగరమునకు మరలివచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడయ్యెను. తరువాత పొట్టి పంతులను మిత్రునితో గూడి సర్కసు సంఘమును నెలకొల్పెను. తుని రాజావారు తోడ్పడిరి.

ఉపాధ్యాయుడు సర్కసులోనికి పోనేల? పదిమంది శిష్యులు నెలంతయు ఈయలేనిది, ఒక రాత్రి డేరాలోని జనులు సంతోషముగా నిత్తురు. నేర్చుకొనువానికి చెమట కనబడును, చూచువానికి వింత కనబడును. డబ్బు వింతవైపే పోవును. ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొనుట, ఉక్కు గొలుసులు త్రెంచుట, పరుగెత్తు మోటారుకార్లను పట్టి నిలుపుట ఆయనకు దేశమంతట కీర్తిని, ధనమును తెచ్చినవి. కాని డేరా వ్యయము గరిడీ వ్యయమువంటిది కాదు. ఏనుగును ఱొమ్మున మోయుట నిమిషములపని; దానికి మేత పెట్టుట దినదినము ఉన్నదే. ఆటయున్నను లేకున్నను నౌకరులకు జీతము లీయవలెను. అంతకు మించి, ఆ సంపాదన యంతయు ఒక్క దేహముపై నిలిచినది. కాలికి వ్రణమై, ఆ కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు, రాబడికి మూలమే పోయెను. 1942 జనవరి 16వ తేదీన బలాంగీరులో ఆయన కీర్తిశేషులైరి.

నేటి మార్గము వేఱు. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు బరువులెత్తుటలో కాంస్యపతకము పొందెను. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. విజయనగరము జిల్లా కొండవెలగాడలోను బరువులెత్తు పిల్లలు బయలుదేరిరి. క్రీడాకారులకు రైల్వేలోను, సైన్యములోను ఉద్యోగములు గలవు గనుక తలిదండ్రులు ఇందులకు వ్యయము చేయ వెనుదీయరు. కఱ్ఱసామునకు అంతటి ఆశ చూపలేము. కావున దానిని నిలుపదలచిన యూరు తన లెక్క తానే వ్రాసికొనవలెను.

నా యభిప్రాయమున వస్తాదు జీతమును శిష్యుల చందాలకు ముడివేయరాదు. పంట యింటికి వచ్చిన పిదప ఏడాదికి సరిపడు మొత్తమును ఊరుమ్మడిగా పోగుచేసి, నెలనెలా ఆయనకు ముట్టజెప్పవలెను. పేదపిల్లలకు ఉచితముగా నేర్పించుట మంచిదే, కాని ఆ యుచితపు బరువు వస్తాదు నెత్తిన వేయుట న్యాయము కాదు. దసరాకును, పైడితల్లి జాతరకును ప్రదర్శనలవలన వచ్చు రొక్కమును జీతములో కలుపక వేఱుగానుంచవలెను. అందులో కొంత కఱ్ఱలకు, పాక కప్పునకు పోగా, తక్కినది దెబ్బలకై దాచవలెను. చేయి విరిగిన పిల్లవానికి కట్టు కట్టించు ఖర్చు ఎవ్వరిదను తగవుతో ఒక గరిడీ మూతపడవచ్చును. ఆ మాట పిల్లవానిని గోదాలోనికి దింపకముందే తండ్రితోను, వస్తాదుతోను తేల్చుకొని, పుస్తకములో వ్రాయించి, ఇద్దఱిచేతను సంతకములు చేయింపవలెను.